ఇంటి వసారాలో టర్బో ఇంజను

కారు ఇంజను విప్పి మళ్లీ కూర్చడమనేది షెడ్డులో, అనుభవం గల మెకానిక్కు చేతిలో జరుగవలసిన పని అని మనలో చాలామంది నమ్మకం. మేమూ మొన్నటిదాకా అట్లే నమ్మి వుంటిమి. అందులోనూ టర్బో అనే సరంజామా తగిలించిన కొత్తరకం ఇంజనంటే మూత తెరిచి చూడడానికే మాకు జంకు. అటువంటి ఇంజనును తిరుపత్తూరులో మా ఇంటి వెనుక వసారాలో పూర్తిగా విప్పి, కడిగి, కొలిచి, తిరిగి కూర్చినాము. ఆ సంగతి వ్రాయమని మనవారు ఒకరిద్దరు అడిగినందున ఈ నాలుగు మాటలు. గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఎక్కడ మునిగిపోబోయినామో అదికూడా దాచకుండా చెప్పుతాము.

కారు మా అన్నది. 1,200 సీసీ, నాలుగు సిలిండర్లు, పెట్రోలు, టర్బో. దాని కంపెనీ పేరుతో మనకు పని లేదు, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు, మాది. నెలకొకసారి మా అమ్మను వేలూరు ఆస్పత్రికి తీసుకొనిపోవడానికి ఇంట్లో ఉన్నది ఆ కారొక్కటే. రైలులో కాట్పాడి దాకా పోయి, అక్కడినుంచి ఆటో ఎక్కి దిగడానికి ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. ఇంత అక్కరగల కారుకు ఆయిలు మార్చడం మాత్రం మేము వాయిదా వేసుకుంటూ పోయినాము. "ఈ నెల పోనీ, వచ్చే నెల చూస్తాము" అనుకొంటూ, పుస్తకంలో చెప్పిన దూరానికి పైన మరి ఏడెనిమిదివేల కిలోమీటర్లు నడిపినాము. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఏలగిరి కొండకు తోలుకొనిపోవడం, పైకి చేరగానే తాళంచెవి తిప్పి ఇంజను ఆర్పేయడం మా అలవాటు. ఆ ఘాటు రోడ్డులో 14 కొండమలుపులు. ఒక్కొక్క మలుపుకు ఒక తమిళకవి పేరో, పూర్వకాలపు దాత పేరో పెట్టి బోర్డు నాటినారు. పిల్లలు ఆ పేర్లు చదువుతూ పోతుంటే మాకు వేడుక. ఇంజను పడే అవస్థ ఎవరికీ పట్టలేదు.

మొదట సైలెన్సరులోనుంచి నీలిపొగ కనిపించింది. తర్వాత వారానికొకసారి ఆయిలు పోయవలసి వచ్చింది. అటు పిమ్మట ఎక్కుడులో బండికి బలం పోయి, ముందువైపునుంచి సన్నని ఈలవంటి శబ్దం మొదలైంది. ఒక షెడ్డుకు తీసుకొనిపోతే, చూసినాయన మూత తెరవకుండానే "మొత్తం ఇంజను మార్చుకోండి" అన్నాడు. చెప్పిన మొత్తం విని మా అన్న మాట్లాడకుండా ఇంటికి వచ్చినాడు. ఆ మొత్తానికి ఇంకొంచెం చేరిస్తే పాతకారు ఒకటి వస్తుంది.

అన్న కొడుకు పాలిటెక్నిక్కులో మెకానికల్ చదువుతున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు, "చిన్నాయనా, మనమే విప్పుదామా?" అని మాతో మెల్లగా అన్నాడు. మేము నవ్వినాము. మా అమ్మ నవ్వలేదు. "మీ తాత చెప్తుండె గదరా కోయంబత్తూరు నాయుడుగారి కథ. ఆయన ఏ బడిలో చదివి విప్పినాడు?" అన్నది. ఆ మాటతోనే పని మొదలైంది.

ఆ నాయుడుగారు జి.డి. నాయుడుగారు. పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. మన పెద్దతరంవారికి చెప్పనక్కరలేదు, పిల్లలకోసం చెప్పుతున్నాము. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, తరాలక్రితం తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టినారు. సేద్యగాళ్ల ఇల్లు. బడి ఆయనకు పడలేదు. ఒకనాడు తెల్లదొర ఒకడు, రెవెన్యూ అధికారి, మోటారు సైకిలుమీద ఆ పక్కకు వచ్చినాడు. రడ్జ్ అనే ఇంగ్లీషు కంపెనీ బండి. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా దానంతట అది పోయే బండిని ఆ కుర్రవాడు అంతకు ముందు చూసి ఎరుగడు. ఆ బండి కావాలని ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరు పనికి కుదిరి, చాలినంత డబ్బు కూడబెట్టి, 300 రూపాయలకు ఆ బండినే కొన్నాడు.

ఆ రోజులలో మోటారు సైకిలు కొన్నవాడు దానిమీద ఊరేగాలనుకొంటాడు. నాయుడుగారు దానిని విప్పినారు. విప్పిన ప్రతిముక్కా ఏమి చేస్తుందో చూసి, మళ్లీ బిగించినారు. ఆయన నేర్చిన మెకానిక్కు విద్యకు అదే బడి, అదే పుస్తకం. తర్వాత స్టేన్స్ దొర సాయంతో ఒక బస్సు సంపాదించి, 1920లో పొల్లాచి, పళనిల మధ్య తానే నడుపుతూ వ్యాపారం ప్రారంభించినారు. అదే పెరిగి యూనివర్సల్ మోటారు సర్వీసు, యూ.ఎం.ఎస్. అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి మన దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేసినారు. ఈనాడు తమిళనాటనే గాక ఆంధ్రదేశంలోనూ ఎన్ని బావులలో, బోర్లలో కోయంబత్తూరు మోటార్లు నీళ్లు తోడుతున్నాయో లెక్కవేయలేము. క్షౌరపు బ్లేడు మొదలు రేడియో దాకా ఆయన చెయ్యి పెట్టని వస్తువు తక్కువ. 1952లో ఇద్దరు కూర్చొనే చిన్న పెట్రోలు కారు చేసి, 2,000 రూపాయలకే ఇస్తామన్నారు. దానిని తయారుచేయడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. 1974 జనవరి 4న కాలంచేసినారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డుమీద తెరిచిన పది కిలోమీటర్ల పై వంతెనకు ఆయన పేరే పెట్టినారు.

ఆయన గురించి ఒక మాటలో మాత్రం మేము విభేదిస్తాము. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట ఇంజనీరింగు కాలేజి పెట్టి, దానికి తానే మొదటి ప్రిన్సిపాలుగా ఉన్నప్పుడు, నాలుగేండ్ల చదువు పిల్లల కాలం వృథాచేయడమే, రెండేండ్లలో అంతా నేర్పవచ్చునని ఆయన వాదించినారు. అప్పటి ప్రభుత్వం ఒప్పలేదు, ఆయన పదవి వదలుకొన్నారు. ఆ కాలేజే తర్వాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయినది. చేతితో విప్పి నేర్చుకొన్నది నిలుస్తుందన్న ఆయన మాట నిజమే. కాని మా ఇంట్లో జరిగిన పనిలో మమ్మల్ని చివరకు కాపాడినది మావాడు తరగతిలో కూర్చొని నేర్చుకొన్న ఓపిక. అది ముందు వచ్చినప్పుడు చెప్పుతాము.

రడ్జ్ బండికి ఉన్నది ఒకే సిలిండరు. మా కారుకు నాలుగు, పైగా టర్బో. ఈ టర్బో ఏమిటో తెలియనిదే మిగతా కథ బోధపడదు గనుక రెండు మాటలు.

పెట్రోలు మండడానికి గాలి కావాలి. మామూలు ఇంజను తన ఊపిరితో ఎంత గాలి పీల్చుకోగలదో అంతే పెట్రోలు మండించగలదు. దానికి బలవంతంగా ఎక్కువ గాలి పట్టిస్తే ఎక్కువ పెట్రోలు మండి, చిన్న ఇంజనే పెద్ద ఇంజను పని చేస్తుంది. ఆ గాలిని నెట్టేదెవరు? సైలెన్సరు దారిన వృథాగా పోయే పొగే. పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ ఇరుసుకు అవతలి కొనలో ఉన్న రెండో చక్రం గాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. కొలిమిలో పొగే వచ్చి తిత్తి ఊదినట్లన్నమాట. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి 1905లో దీనికి పేటెంటు పొందినాడు. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికా ఇంజనీరు లిబర్టీ అనే విమానపు ఇంజనును లారీమీద పెట్టుకొని, 14,000 అడుగుల పైక్స్ పీక్ కొండమీదికి ఎక్కించి పరీక్ష చేసినాడు. కొండమీద గాలి పలుచన గనుక 350 గుర్రాల బలముండే ఇంజను అక్కడ 230కి పడిపోయింది. టర్బో తగిలించగానే 356 వచ్చింది. మామూలు కార్లలోకి ఇది దిగినది 1962లో, అదీ అమెరికాలోనే. మన ఏలగిరి ఎత్తు 1,100 మీటర్లు. మామూలు ఇంజను అంత ఎత్తులో పదోవంతు బలం పోగొట్టుకొంటుంది. టర్బో ఇంజనుకు ఆ లోటు అంతగా తెలియదు. 1,489 సీసీ గల పాత అంబాసిడరు ఇంజనుకు యాభై చిల్లర గుర్రాల బలముంటే, మా 1,200 సీసీ ఇంజను నూరు దాటడం ఈ టర్బో మహిమే.

మహిమకు తగిన వెల ఉన్నది. మన ఇంట్లో సీలింగు ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరుగుతుంది. ఈ టర్బో ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా పోగలదు. ఒకవైపు చక్రాన్ని తాకే పొగ వేడి 900 డిగ్రీల సెంటిగ్రేడు చేరుతుంది. ఆ ఇరుసు ఇనుముమీద ఇనుముగా తిరగదు, పలుచని ఆయిలు పొరమీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిలును పంపేది ఇంజను. కొండెక్కిన వేడిలో ఇంజనును చటుక్కున ఆర్పేస్తే ఆయిలు రాక ఆగిపోతుంది, వేడి మాత్రం అక్కడే ఉంటుంది. లోపల నిలిచిపోయిన ఆయిలు పెనంమీద మాడిన నూనెలా నల్లగా గట్టిపడుతుంది. మేము ప్రతి ఏలగిరి ప్రయాణంలోనూ చేసినది సరిగ్గా ఇదే.

విప్పడానికి ముందు మావాడు ఒక పరీక్ష చేసినాడు. ప్లగ్గులు తీసి, ఒక్కొక్క రంధ్రంలో ఒత్తిడి కొలిచే గేజి బిగించి ఇంజను తిప్పించినాడు. మూడు సిలిండర్లు చదరపంగుళానికి 170 పౌండ్ల దరిదాపుల్లో చూపినవి. మూడవ సిలిండరు మాత్రం 105 దగ్గర ఆగినది. దానిలో ఒక చెంచాడు ఆయిలు పోసి మళ్లీ తిప్పితే ముల్లు పైకెక్కింది. ఆయిలు సందులను మూసినందువల్ల ఒత్తిడి నిలిచింది, కాబట్టి తప్పు పిస్టను రింగులలో ఉన్నది, వాల్వులలో లేదు అని వాడు తేల్చినాడు. మూత తెరవకుండా రోగం చెప్పే పద్ధతి ఇదొకటి ఉన్నదని మాకు ఆనాడే తెలిసింది.

ఇంజను బయటికి దించడం పెద్ద సమస్య. మా అన్న పశువులకొట్టం దూలానికి చైను పుల్లీ కడదామన్నాడు. "అది మీ తాత వేయించిన దూలం. దానికి ఆవును కట్టొచ్చు, ఇంజనును కాదు" అని మా అమ్మ ఒప్పుకోలేదు. ఆమె మాటే సరైనది. అడ్డబద్దలకు లోపల చెదలు పట్టి ఉన్నట్లు తర్వాత చూసినాము. చివరకు బోరు మోటార్లు ఎత్తేవారి దగ్గర మూడుకాళ్ల స్టాండు, చైను పుల్లీ రెండు రోజులకు బాడుగకు తెచ్చినాము. కోయంబత్తూరు మోటార్లను పాతాళంనుంచి పైకి లాగే ఆ స్టాండే మా ఇంజనునూ ఎత్తింది. ముందుగా బ్యాటరీ తీగ తీసివేసినాము. పెట్రోలు గొట్టంలో ఒత్తిడి పోగొట్టినాము. చల్లగాలి యంత్రం గొట్టాలు విప్పలేదు, విప్పితే గ్యాసు పోతుంది. యంత్రాన్ని గొట్టాలతో సహా పక్కకు కట్టి ఉంచినాము. రెండు ఆదివారాలలో ఇంజను వసారాలోని చెక్కబల్లమీదికి వచ్చింది.

విప్పడం సులభం. ఏది ఎక్కడిదో గుర్తుంచుకోవడమే కష్టం. సెల్‌ఫోనులో ఫోటోలు తీస్తే చాలునని మేమనుకొన్నాము. ఒక్కొక్క బోల్టు పొడవు వేరు. ఫోటోలో పొడవు తెలియదు. అందుచేత ప్రతి భాగానికి ఒక అట్టముక్కమీద దాని ఆకారం గీసి, బోల్టు ఉండవలసిన చోట చిల్లి పొడిచి, అక్కడే ఆ బోల్టును గుచ్చి పెట్టినాము. వాల్వులమీద ఉండే చిన్నచిన్న భాగాలు పదహారింటికి పదహారూ చూడడానికి ఒక్కటే. కాని ఒక్కొక్కటి తన చోట అరిగి తనకు తగినట్లు కుదురుకొని ఉంటుంది. మార్చి పెడితే శబ్దం చేస్తుంది, త్వరగా అరుగుతుంది. వాటికి చోటెక్కడ? మా వదినె పాత ఇడ్లీ తట్లు నాలుగు తెచ్చి ఇచ్చింది. ఒక్కొక్క గుంటకు పెయింటుతో అంకె వేసి, ఏ సిలిండరుది ఆ తట్టులో పెట్టినాము. ఇంతకంటె తగిన పెట్టె దుకాణంలో దొరకదని మా అభిప్రాయం.

తెరిచి చూస్తే రోగం స్పష్టంగా కనబడింది. మూడవ పిస్టను పైరింగు విరిగి ఉన్నది. ఆయిలు రింగు బెల్లపు పాకంలా నల్లని బంకలో ఇరుక్కొని కదలకుండా ఉన్నది. సిలిండరు గోడలో గోరు తగిలే గీతలు. కనెక్టింగు రాడ్డు బేరింగుల పైపూత అరిగి లోపలి రాగిరంగు బయటపడింది. టర్బో ఇరుసును వేళ్లతో పట్టి ఊపితే చక్రం ఇంటి గోడకు తగిలింది. ఆయిలు ఒక్కటి వేళకు మార్చి ఉంటే ఈ జాబితాలో ఒక్కటీ ఉండేది కాదు. మా అన్న చాలాసేపు ఆ పిస్టనును చేతిలో తిప్పి చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఇంట్లో చేయగల పని ఏది, చేయకూడనిది ఏది అనే విభజన ఇక్కడ వస్తుంది. సిలిండరు బోరు కొట్టడం, క్రాంకుకు పాలిషు పెట్టడం, హెడ్డు ముఖం చదును చేయడం, ఇవి లేతు పట్టెడలో యంత్రంమీద జరుగవలసినవి. టర్బో ఇరుసు, చక్రాల కూర్పును తూకం సరిచూసి ముద్రవేసి అమ్ముతారు; దానిని ఇంట్లో సరిచేస్తామనడం సాహసం కాదు, తెలివితక్కువ. ఆ కూర్పు కొత్తది కొన్నాము. మిగిలినదంతా, అనగా కడగడం, కొలవడం, కూర్చడం, ఇంట్లోనే.

లేతు పట్టెడ పెద్దాయన ఒక షరతు పెట్టినాడు. "కొత్త పిస్టన్లు తెచ్చి నా చేతిలో పెట్టండి. వాటిని కొలిచినాకే బోరు కొడతాను. బోరు కొట్టి పిస్టను వెతకడం, చెప్పు కుట్టి కాలు వెతకడం వంటిది" అన్నాడు. అరమిల్లీమీటరు పెద్ద సైజు పిస్టన్లు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులలో వేలూరు వంతు వచ్చింది. బాడుగ కారులో పోయి వచ్చినాము. అమ్మ ఏమీ అనలేదు గాని, పోను రాను అయిన బాడుగ రెండుసార్లు అడిగి తెలుసుకొన్నది.

బోరు కొట్టిన తర్వాత గోడలమీద సన్నని రాతితో అడ్డంగా, ఏటవాలుగా గీతలు పెడతారు. ఆ గీతలలో ఆయిలు నిలుస్తుంది. ఆ పనిలో రాలిన రాతిపొడి ఒక్క చిటికెడు మిగిలినా కొత్త రింగులను వారంలో అరగదీస్తుంది. దీనిని కిరసనాయిలుతో కడిగితే పోదు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షు కావాలి. మావాడు వసారాలో ఆ బ్లాకును గేదెను కడిగినట్లు కడిగినాడు. తర్వాత మా నాయనగారి పాత తెల్లపంచె చించి గోడలు తుడుస్తూ, గుడ్డకు బూడిదరంగు అంటనంతవరకు మళ్లీ మళ్లీ కడిగినాడు. ఐదోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. వెంటనే ఆయిలు పూయాలి, లేకుంటే చూస్తుండగానే తుప్పు రంగు ఎక్కుతుంది.

కొలతలలో మమ్మల్ని ఆశ్చర్యపరచినవి రెండు. ఒకటి రింగు కొనల మధ్య సందు. రింగును సిలిండరులో పెట్టి, తలకిందులు చేసిన పిస్టనుతో నెట్టి సమం చేసి, రెండు కొనల మధ్య రేకుగేజితో కొలుస్తారు. సందు తక్కువైతే వేడికి రింగు సాగి కొనలు ఢీకొని పిస్టనునే విరగగొడుతుంది. టర్బో ఇంజనులో వేడి ఎక్కువ గనుక మామూలు ఇంజనుకంటె ఈ సందు కొంచెం ఎక్కువగా ఉండాలి. పుస్తకంలోని హద్దుకు ఒక రింగు వెంట్రుకవాసి తక్కువ వచ్చింది. వాడు సన్నని ఆకురాయితో కొనను ఒకేవైపుగా అరగదీసి, కొలిచి, మళ్లీ అరగదీసి, ఒక్క రింగుకు గంటన్నర తీసుకొన్నాడు. రెండోది బేరింగు సందు. సన్నని మైనపు పోగును క్రాంకుమీద పెట్టి, మూత బిగించి, తిప్పకుండా మళ్లీ విప్పి చూస్తే పోగు నలిగి వెడల్పవుతుంది. ఎంత వెడల్పైతే సందు అంత తక్కువ. కొలవడానికి పక్కన అచ్చువేసిన పట్టీ ఇస్తారు. మిల్లీమీటరులో వందో వంతులను ఒక మైనపు పోగు చెప్పడం మా అమ్మకు అన్నిటికంటె నచ్చింది. "అప్పళం వెడల్పు చూసి పిండి ఎంతో చెప్పినట్టు" అన్నది.

హెడ్డు బోల్టుల సంగతి పాఠకులు తప్పక తెలుసుకోవాలి. ఈ కాలపు ఇంజనులలో ఆ బోల్టులు బిగించేటప్పుడు సాగేటట్లు చేసినవి. ఒకసారి సాగినది మళ్లీ పనికిరాదు. నడుమనుంచి మొదలుపెట్టి అంచులకు పోతూ, టార్కు రెంచితో కొంత బిగించి, తర్వాత ఇన్ని డిగ్రీలని కోణంతో తిప్పి బిగించాలి. "చూడడానికి బాగున్నవి గదా" అని పాతవే వాడమన్నది మేమే. వాడు వినలేదు. ఆ మాటలో నెగ్గిన వాడు ఇంకొక మాటలో ఓడిపోయినాడు. టర్బోకు ఆయిలు తెచ్చే గొట్టం, వేలంత లావైన చిన్న ఇనుపగొట్టం, కొత్తది కొందామని వాడంటే, "కడిగితే చాలు, గొట్టంలో అరిగేదేమున్నది?" అని మేము ఖర్చు తగ్గించినాము. దానిని పెట్రోలుతో కడిగి, ఊది చూసినాము. గాలి వచ్చింది. బిగించినాము.

ఇంజను మళ్లీ కారులోకి దిగిన రోజు శనివారం. సోమవారం వేలూరులో అమ్మకు చూపించుకొనే తేదీ. ఇంట్లో అందరూ వసారా చుట్టూ చేరినారు. గుడియాత్తంనుంచి మా అక్క, బావ కూడ వచ్చినారు. మావాడు ప్లగ్గులు బిగించలేదు. పెట్రోలు పంపు ఫ్యూజు తీసినాడు. "ఊరికే తిప్పి ముందు ఆయిలు ఎక్కించాలి, అవ్వా. పొడి బేరింగులమీద స్టార్టు చేయకూడదు" అన్నాడు. పది పది సెకండ్లుగా ఆపి ఆపి తిప్పితే డాష్‌బోర్డులో ఎర్రదీపం ఆరింది. ఇంజనుకు ఆయిలు ఒత్తిడి వచ్చింది. "ఇంకేం, స్టార్టు చెయ్యి" అన్నాడు మా అన్న. బావ కొబ్బరికాయ చేతిలో పట్టుకొని ఉన్నాడు.

వాడు కారుకిందికి దూరి, టర్బోనుంచి ఆయిలు తిరిగి కిందికి వచ్చే గొట్టం విప్పి, దానికింద గిన్నె పెట్టి మళ్లీ తిప్పమన్నాడు. తిప్పినాము. గిన్నెలో చుక్క పడలేదు. ఇంకొకసారి. పడలేదు. "దీపం ఆరింది గదరా, ఎందుకీ సందేహం?" అని అన్న గట్టిగా అన్నాడు. "నాయనా, దీపం ఇంజనుది. టర్బోది కాదు" అన్నాడు వాడు. మాకు కోపం వచ్చిన మాట నిజం. సోమవారం తేదీ, చుట్టాలు, కొబ్బరికాయ అంతా ఒకవైపు, వాని గిన్నె ఒకవైపు. మా అమ్మ లేచి, "వాడు ఒప్పుకున్నప్పుడే కాయ కొట్టేది" అని లోపలికి పోయింది.

గొట్టం విప్పి చూస్తే లోపలి వంపులో మాడిన ఆయిలు గట్టిపడి, సూదిమొనంత దారి మాత్రం మిగిలి ఉన్నది. మేము ఊదిన గాలి ఆ దారినే వచ్చింది. గాలి పోయినంత సులభంగా ఆయిలు పోదు గదా. ఆ స్థితిలో స్టార్టు చేసి ఉంటే కొత్త టర్బో నిమిషాలలో మాడిపోయి ఉండేది. ఎందుకు పోయిందో తెలియక మేము అమ్మినవానిని తిట్టి ఉండేవాళ్లము. ఆదివారం దుకాణాలు లేవు. సోమవారం మళ్లీ బాడుగ కారే. బావ ఆ కాయను పూజగదిలో పెట్టి ఊరికి పోయినాడు.

గురువారం కొత్త గొట్టం వచ్చింది. బిగించి తిప్పితే గిన్నెలో ఆయిలు సన్నని ధారగా పడింది. అప్పుడు ప్లగ్గులు, ఫ్యూజు పెట్టి తాళం తిప్పినాడు. రెండోసారికి అందుకొన్నది. మొదటి రెండు నిమిషాలు పొగ కమ్మింది, కూర్చేటప్పుడు పూసిన ఆయిలు మండిపోవడమే అది. తర్వాత శబ్దం కుదుటపడింది. విడి విడిగా చూసిన ముక్కలన్నీ ఒక్క గొంతుతో పలుకుతుంటే మేము మాట్లాడలేకపోయినాము. పని పట్టిన కాలం మొత్తం ఏడు వారాలు. ఖర్చు షెడ్డువారు చెప్పినదానిలో సగానికి కొంచెం తక్కువ, మూడు బాడుగ ప్రయాణాలు, స్పానర్లు, టార్కు రెంచి కలుపుకొని.

కొత్త రింగులు గోడలకు కుదురుకోవడానికి మొదటి 1,000 కిలోమీటర్లు అదిమి తోలకూడదు. అట్లని ఊరకే నిలబెట్టి తిప్పడమూ మంచిది కాదు. కొంచెం బరువు పెడుతూ, వేగం మారుస్తూ నడపాలి. 500 కిలోమీటర్లకు మొదటి ఆయిలు దించి చూస్తే మెరిసే పొడి కొద్దిగా ఉన్నది. 1,500కు దించినప్పుడు లేదు. తదుపరి తేదీ మావాడు గోడమీది క్యాలెండరులో, ఆస్పత్రి తేదీ పక్కనే, ఎర్రసిరాతో రాసినాడు.

కిందటి నెల ఆ కారులోనే అమ్మను వేలూరు తీసుకొనిపోయినాము. ఆస్పత్రి గేటు దగ్గర అన్న అలవాటు కొద్దీ తాళంచెవి మీద చెయ్యి వేసినాడు. "ఉండు ఉండు, ఒక్క నిమిషం దాని ఆయాసం తీరనీ" అని వెనుక సీటునుంచి అమ్మ ఆపింది. ఆమె దిగి, చేతికర్ర సర్దుకొని, సంచి తీసుకొనేవరకు ఇంజను తిరుగుతూనే ఉన్నది. ఇడ్లీ తట్లు నాలుగూ ఇప్పటికీ మావాని అలమరలోనే ఉన్నవి. వదినెకు కొత్తవి కొనియిచ్చినాము.